డాక్టరు ఇంగ్లీషులో అన్న మాట

పెద్దమ్మా,

ఇవాళ నీ సంవత్సరీకం.

శ్రీకాకుళం ఆసుపత్రిలో నిన్ను తూచిన మిషను ముల్లు చివరిదాకా వెళ్లి ఆగిపోయింది. "భావనపాడు రేవుకెళ్లి మీ సేపల కాటా ఎక్కమ్మా," అంది నర్సు. అందరికంటే గట్టిగా నవ్వింది నువ్వే.

పొట్ట చిన్నది చేసే ఆపరేషను నీకు అవసరమేనని డాక్టరు ఇంగ్లీషులో నర్సుతో అన్నాడు. కానీ ఈ చేపలోళ్లకి చెప్పడం దండగ, మాట వినరు అన్నాడు. నీ దగ్గర డబ్బుందో లేదో అడగనే లేదు.

"ఏటన్నాడే?" అన్నావు. ఇంగ్లీషు మీడియం పిల్లనని నన్ను తీసుకెళ్లావు కదా. ఆ చేపలోళ్లన్న మాట నీకు చెప్పడానికి నాకు సిగ్గేసింది. "అన్నం తగ్గించమన్నాడు," అన్నాను. నువ్వు పూటకి ఒక్క ముద్దే తిన్నావు. అయినా ఒళ్లు తగ్గలేదు, చాటుగా తింటున్నావనుకుంది అమ్మ. పోయావు.

రైసుమిల్లున్న నా క్లాస్‌మేట్ వాళ్లమ్మకి అదే డాక్టరు ఆ ఆపరేషను చేయించాడు. జాకెట్లు వదులైపోయి అన్నీ మళ్లీ కుట్టించుకుందట.

నేనూ నీలాగే లావవుతున్నాను. నా మెడ నల్లబడితే నిన్న అమ్మ ఆ డాక్టరు దగ్గరికే తీసుకెళ్లింది. పెద్దయ్యాక ఈ పిల్లకీ ఆపరేషను తప్పదు, వీళ్లకి చెప్పి లాభమేముంది అని నర్సుతో ఇంగ్లీషులోనే అన్నాడు.

"ఏటన్నాడే?" అంది అమ్మ.

"అన్నం తగ్గించమన్నాడు."

ఇవాళ నీ ఫొటో ముందు ఆకులో గుట్టగా అన్నం పెట్టి, చేపల పులుసు పోసింది అమ్మ. నా కంచంలో ఒక్క ముద్ద పెట్టి తల నిమిరింది.

"మీ పెద్దమ్మ మాటినలేదు, పోయింది. నువ్వు ఇంతే తినవే తల్లీ, బతుకుతావు."