కౌబాయ్ బూట్లకి రబ్బరు పాలు

నవంబరు 2, ఆదివారం

దొరికాయి!

ఈపో టౌనులో బండల్ షాపు. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో విడిచేసిన బట్టలు మూటలుగా ఓడెక్కి వచ్చి అక్కడ తేలతాయి. సంచుల గుట్ట కింద ఒక బూటు, జీన్సు ప్యాంట్ల అడుగున ఇంకోటి. జత కలపడానికే అరగంట. అసలు సిసలు పాత కౌబాయ్ బూట్లు! ముదురు గోధుమరంగు తోలు, పక్కన తెల్లదారంతో రెక్కల్లా కుట్టు, సూది ముక్కు, ఎత్తు మడమ. నిండా బూజు. అడుగులు రెండూ ఊడి, ఆకలేసిన మొసలి నోళ్లలా తెరుచుకుని ఉన్నాయి.

"ఇవి ఎవరూ కొనరమ్మా" అన్నాడు షాపు ఓనరు, ఇక్కడి మాటలో తౌకే, పాపం నిజాయితీగా. ఆ మాటే పట్టుకుని బేరం ఆడాను.

ఎందుకు కొన్నానో రాసిపెట్టుకోవాలి. రేపు నేనే మర్చిపోయి తిట్టుకుంటాను.

నా పేరు శాంతాదేవి. ఇంట్లో గానీ ఫ్యాక్టరీలో గానీ ఆ పేరు ఎవరూ నమ్మరు. పోయినవారం ప్యాకింగ్ సెక్షన్లో టేపు మిషను మళ్లీ ఇరుక్కుంది. రాజన్, అంటే మా సూపర్‌వైజరు, "ఆడపిల్లవి, దూరంగా ఉండు లా" అన్నాడు, ఇక్కడివాళ్లందరిలా చివర ఒక 'లా' తగిలించి. మూత విప్పి బాగుచేశాను. మళ్లీ ఇరుక్కుంది. తన్నాను. బెల్టు తెగింది.

మెయింటెనెన్సు పెద్ద గోపాలకృష్ణ సార్ వచ్చి చూశారు. సుంగై సుమున్ అని, మలేసియాలో తెలుగువాళ్లు ఎక్కువుండే ఊరు, అక్కడాయన. తిట్టలేదు. "నీ చేతికి బుర్ర ఉన్నాది. కాలికే లేదు" అన్నారు. జనవరిలో వర్క్‌షాపులో ట్రైనీ ఖాళీ ఉందట. "ఏదో ఒకటి నీ చేత్తో మొదలెట్టి, తన్నకుండా ముగించి నాకు చూపించు. అప్పుడు మాటాడదాం."

నెలాఖరుకి ఫ్యాక్టరీ డిన్నరు. ఈ ఏడు వేషం కౌబాయ్. చూపిస్తాను!

షరతులు: అంతా నా చేత్తోనే. తొందర లేదు. కోపం లేదు. దేన్నీ తన్నను.

సాయంత్రం మామ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏటే ఇది? ఎవుడో సచ్చినోడి జోళ్లు తెచ్చినావేటి?"

"పాతవి మామ్మా. వింటేజ్."

"పాతవని నానూ సూస్తన్నాను. గొడ్డుతోలు గడప దాటిందో, నువ్వూ దాంతోటే బయట పడుకోవాల."

సరే. బయట చెప్పుల స్టాండు మీదే ఉంటాయి.

నవంబరు 3, సోమవారం

బూజు: వెనిగర్‌తో పోయింది! పాత టూత్‌బ్రష్షు, సబ్బునీళ్లు. కుట్టులో మురికి తీస్తుంటే కింద ఇంకో రంగు బయటపడింది. తేనె రంగు! యూట్యూబ్‌లో టోపీ పెట్టుకున్న తెల్లాయన ఎంత నెమ్మదిగా చెబుతాడో. వేగం రెట్టింపు పెట్టి చూస్తున్నాను.

కోపం: రాలేదు. అసలు నాకు కోపం ఉందని ఎవరన్నారు?

నవంబరు 5, బుధవారం

తోలుకి నూనె పట్టించాలట. ఆయన చూపించిన డబ్బా ఇక్కడ దొరకదు. మామ్మ తలకి రాసే కొబ్బరినూనె ఉంది. జుట్టుకి మంచిదైంది తోలుకి చెడ్డదవుతుందా? సీసాలో సగం పట్టించాను. పైన, లోపల, అడుగున, అన్నిచోట్లా.

మెరుపు! ఫోటో తీసి సుమతికి పంపాను. సుమతి నా పక్క టేబులే, రోజూ నా బండి వెనక ఎక్కి వస్తుంది. జవాబు: "బాగున్నాయే. వేయించుతున్నావా?"

నవంబరు 6, గురువారం

చీమలు.

నవంబరు 9, ఆదివారం

మధ్యాహ్నం వాన. మామూలు వాన కాదు, రేకులు బద్దలయ్యేంత. నేను నిద్రపోతున్నాను. లేచేసరికి బూట్లలో నీళ్లు. కుడిదాంట్లో ఒక కప్ప.

మామ్మని అడిగాను, లోపల పెట్టొచ్చు కదా అని.

"గడప దాటకూడదని సెప్పినాను కదా. అయినా కప్ప పడుకున్నాది, పాపం లేపడం ఎందుకని."

కోపం రాలేదు. చెప్పుల స్టాండుని ఒక్కసారి తన్నాను. షరతు, బూట్లు బాగుచేసేటప్పుడే. అప్పుడు నేను బాగుచెయ్యడం లేదు. లెక్కలోకి రాదు.

నవంబరు 10, సోమవారం

నీడలో నాలుగైదు రోజులు ఆరనివ్వాలన్నాడు తెల్లాయన. ఆయనకేం, ఆయనకి డిన్నరు లేదు. డ్యూటీకి వెళ్తూ బూట్లు రేకు కప్పు మీద ఎండలో పెట్టాను. వచ్చేసరికి ఆరిపోయాయి!

ఎండుచేపల్లా ఆరిపోయాయి. కుడిదాని మడత దగ్గర రెండు పగుళ్లు.

పగుళ్లు కూడా ఒక అందం. పాతవి అంటే అదే మరి.

కాంటీన్లో రాజన్ అందరికీ వినబడేట్టు: "గుర్రాన్ని ఎక్కడ కడతావు శాంతా? బండ్ల షెడ్డులోనా?"

నవ్వాను. పళ్లు కొరుకుతూ నవ్వినా నవ్వు నవ్వే.

నవంబరు 14, శుక్రవారం

హార్డువేరు షాపు జిగురు. అడుగులు అతికించి పైన ఇటుకలు పేర్చి పడుకున్నాను. పొద్దున్నే ఇటుకలు తీశాను. మొసళ్లు మళ్లీ నోళ్లు తెరిచాయి. రెండూ!

వీడియో మళ్లీ చూశాను. చివర్లో ఆయన వేలు చూపించి మరీ చెబుతున్నాడు: అతికించకముందు అడుక్కి నూనె తగలకూడదు, తగిలితే ఏ జిగురూ పట్టదు. ఆ ముక్క నాకు తెలీదు. అయిదో తారీఖున వీడియో సగంలో ఆపేశాను.

చివర్లో చెబుతారా ఎవరైనా అంత ముఖ్యమైన మాట? ఈ మనిషికి ఎలా చెప్పాలో తెలీదు.

నవంబరు 16, ఆదివారం

మామ్మ నా పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. మా మామ్మ అచ్చమ్మ అంటే ఒకప్పుడు ఇక్కడి రబ్బరు ఎస్టేటులో చెట్లకి గాటు పెట్టి పాలు గీసేవాళ్లలో పేరున్న మనిషి. అది ఆవిడే చెబుతుంది.

"పాలు ఎయ్యవే."

"ఏ పాలు?"

"ఏ పాలేటి? రబ్బరు పాలు. ఎస్టేట్ల జోడు తెగితే మేం షాపుకి పరిగెట్టినామా? సెట్టు కాడే అతికించుకుని నడిసినాం."

ఆలోచించాను. పాత బూట్లు, పాత పద్ధతి. నా చేత్తోనే పూస్తాను కాబట్టి సాయం కిందకి రాదు. వెనకింటి పకీరిసామి తాతకి ఇంకా పది చెట్లున్నాయి. గిన్నె పట్టుకుని వెళ్లాను.

"ఎన్నమ్మా కౌబాయ్, గుర్రానికి పాలా?" అన్నాడు.

ఈ ఊళ్లో అందరికీ ఎవరు చెబుతున్నారు?

నవంబరు 17, సోమవారం

మామ్మ చెప్పింది: ముందు అడుగు గీకి నూనె పోగొట్టు. పల్చగా ఒక పూత. ఆరనీ. మళ్లీ పల్చగా. మళ్లీ ఆరనీ. అలా నాలుగైదు, అప్పుడు రెండూ కలిపి నొక్కు.

"ఎంతసేపు ఆరాలి?"

"ఆరేదాకా."

"గంటా? రెండు గంటలా?"

"నువ్వు అడగడం మానేసేదాకా."

నాకు రెండో షిఫ్టు ఉంది. కుడిదాని అడుగు గుడ్డతో తుడిచి, గిన్నెలోని పాలు సగం ఒక్కసారే పోసి నొక్కేశాను. నాలుగు పల్చటి పూతలూ, ఒక మందపాటి పూతా ఒకటే. లెక్క తెలిసినవాళ్లకి అర్థమవుతుంది.

ఎడమది మొదలెట్టాను. పాలు వేళ్లకి, వేళ్లు బూటుకి, బూటు గౌనుకి అంటుకున్నాయి. విదిలించాను. వదల్లేదు. ఇంకా గట్టిగా విదిలించాను. బూటు కంచె దాటి పకీరిసామి తాత కోళ్ల మధ్య పడింది.

విసరడం తన్నడం కాదు.

మామ్మే వెళ్లి తెచ్చింది. ఈకలు ఏరుతూ, "ఎల్లు, డ్యూటీకి ఎల్లు. దీన్ని నా కాడ ఉండనీ."

వెళ్లాను.

నవంబరు 20, గురువారం

ఎడమ బూటు మామ్మ దగ్గరే ఉంది. పాలు గీసే పాత కత్తితో అడుగంతా గీకి, పూత వేసి, అరుగు మీద పెట్టి, టీ తాగి, సీరియల్ చూసి, వచ్చి ఇంకో పూత వేస్తుంది. నాలుగు రోజులుగా ఇదే పని. నొక్కిందీ ఇవాళే.

ఇది సాయం కాదు. నా బూటు, నా ఇల్లు, నా పర్యవేక్షణ.

నవంబరు 25, మంగళవారం

ఏదో వాసన. ఎలుక చచ్చిందనుకుని స్టాండంతా కదిపాను.

ఎలుక కాదు. కుడి బూటు.

మందంగా పోసిన పాలు లోపల ఆరలేదు. కుళ్లుతున్నాయి. ఎస్టేటు పక్కన పెరిగినవాళ్లకి ఆ కంపు తెలుసు, గడ్డకట్టిన రబ్బరు లారీ వెళ్తే ఊరంతా కిటికీలు మూసుకుంటుంది. ఎడమది మాత్రం ఏ వాసనా లేదు. దేవుడి గదిలో పెట్టొచ్చు. మామ్మ పెట్టనివ్వదు గానీ.

సుమతి సెంటు సీసా ఇచ్చింది. కొట్టాను. ఇప్పుడు మల్లెపూలు పెట్టుకుని చచ్చిన ఎలుకలా ఉంది.

నవంబరు 28, శుక్రవారం

మామ్మ: "కుడిది ఊడదీసి మళ్లీ సెయ్యి. నాల్రోజులు పడతాది."

రేపే డిన్నరు! నాలుగు రోజులు ఎక్కణ్ణుంచి తేను?

బానే ఉంటుంది. ఏసీ హాల్లో వాసన తెలీదు. గోపాలకృష్ణ సార్‌కి దూరం నుంచే చూపిస్తాను.

నవంబరు 30, ఆదివారం

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

ఏసీ హాల్లో వాసన బయటకంటే బాగా తెలుస్తుంది. నా టేబులు వాళ్లు ముందు వడ్డించిన చేపని వాసన చూశారు, తర్వాత ఒకరినొకరు. సుమతికి తెలుసు. ముక్కుకి రుమాలు కట్టుకుంది. అది బందిపోటు వేషం అనుకుని అందరూ మెచ్చుకున్నారు.

మంచి వేషం పోటీకి నా పేరు పిలిచారు. స్టేజి ఎక్కాను. ఎడమ కాలు, కుడి కాలు, ఎడమ కాలు. టప్పున చప్పుడు. వెనక్కి చూశాను. నా కుడి బూటు అడుగు, మడమతో సహా, మెట్టు దగ్గరే నిలబడి ఉంది. మిగతా బూటుతో నేను రెండడుగులు ముందున్నాను.

హాలంతా మెడలు చాచి చూసింది. అప్పుడు రాజన్ లేచి, చేతులు నోటి దగ్గర పెట్టుకుని:

"అయ్యో! గుర్రం నాడా ఊడింది!"

వెనక్కి వెళ్లి ఆ అడుగుని తన్నాను. కాలుతో. గట్టిగా. రాజన్ వైపుకే గురిపెట్టాను. గురి తప్పింది. పెద్దవాళ్ల టేబులు మీద, ఆవిరిచేప పళ్లెం పక్కన, గోపాలకృష్ణ సార్ ముందు పడింది.

అయిపోయింది. జనవరి, వర్క్‌షాపు, అన్నీ ఆ చేప పక్కనే పడ్డాయి. దిగి తిన్నగా గుమ్మం వైపు నడిచాను, ఒక కాలు ఎత్తుగా, ఒక కాలు పల్లంగా.

గుమ్మం దగ్గర సార్ అందుకున్నారు. చేతిలో ఆ అడుగు. వాసన చూసి మొహం పక్కకి తిప్పారు.

"పాలు మందంగా పోసినావు."

"ఊఁ."

"ఏ కాలితో తన్నినావు?"

"ఎడమ."

"ఏదీ, చూపించు."

గోడ పట్టుకుని ఎడమ కాలు ఎత్తాను. ఆయన అతుకు వెంట గోరు పెట్టి లాగారు. వంచారు. ఊగించారు. అంత తన్ను తన్నినా దారమంత సందు లేదు.

"ఇంత బాగా ఎవరు సేసినారు?"

నేనే అనొచ్చు. ఎవరికి తెలుస్తుంది? మామ్మ ఇంట్లో సీరియల్ చూస్తోంది. సుమతి రుమాల్లో ఉంది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ బూటు వైపు చూస్తే మామ్మ నాలుగు రోజుల అరుగు కనబడింది. ఒళ్లు మండింది, నామీదే.

"మా మామ్మ. ఎస్టేటులో పాలు గీసేది. ఊడిందే నాది."

సార్ ఎడమ బూటుని ఇంకోసారి వంచి చూశారు. తర్వాత నవ్వారు.

"అయితే జనవరిలో ట్రైనీగా మీ మామ్మని పంపించు."

నేను ఏడవలేదు. రాసుకోవాలి కదా: ఏడవలేదు.

ఆయన ఆ అడుగుని నాప్‌కిన్లో చుట్టి నా చేతికిచ్చారు. "నువ్వే రావాలంటే, కాలెండరు మారేలోగా కుడిదాన్ని ఎడమదానిలా సేసి తీసుకురా. వాసన లేకుండా."

ఇంటికొచ్చి మామ్మకి చెప్పాను. మొత్తం విని ఆవిడ అడిగింది ఒక్కటే:

"జీతం ఎంతంట?"

డిసెంబరు 4, గురువారం

కొత్తగా మొదలు.

మూడు రోజులు వాన, చెట్లు గియ్యలేదు. మూడు రోజులూ కుడి అడుగు గీకాను. కుళ్లినదంతా పోయింది, నూనె పోయింది. కత్తి మామ్మది, చెయ్యి నాది. ఇవాళ పకీరిసామి తాత పాలు ఇచ్చాడు, ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ కోపం తెప్పించింది. దాన్నీ మింగాను.

షరతులు: తొందర లేదు. కోపం లేదు. తన్నను. విసరను కూడా. మామ్మ చెప్పింది వింటాను.

మొదటి పూత వేశాను. పల్చగా. మామ్మ వంగి చూసి "ఊఁ" అంది. ఇరవైమూడేళ్లలో నాకు వచ్చిన పెద్ద మెచ్చుకోలు అది.

ఇప్పుడు అరుగు మీద కూర్చుని ఆరేదాకా చూడాలి. ఊదకూడదట. ఎండలో పెట్టకూడదట. ముట్టుకోకూడదట. చేతులు ఖాళీగా ఉంటే వేలు పెడతానని మామ్మే ఈ డైరీ తెచ్చి ఒళ్లో పడేసింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తెల్లగా ఉన్నది కొంచెం పసుపు తిరుగుతోంది. అంచులు ఆరినట్టే ఉన్నాయి. మధ్యలో ఇంకా తడా, లేక వెలుగు పడి అలా ఉందా?

మామ్మ లోపల టీ కాస్తోంది.

కొంచెం చూస్తే ఏం పోతుంది? చూడకుండా ఎలా తెలుస్తుంది?

అంటుకుంది.

"శాంతా! ముట్టుకున్నావా?"

ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి వేలు ఇంకా బూటుకే ఉంది. తన్నలేదు, విసరలేదు. మామ్మ వచ్చి విడిపించేదాకా కూర్చుంటాను.

తర్వాత గీకి, మళ్లీ ఒకటో పూత.