పలకని డీజే పెట్టె

మృదులక్కా,

ఫోన్‌ల చెప్తే మీ మరిది వింటడని ఉత్తరం రాస్తున్న.

మా ఆడబిడ్డ ప్రణవి పెండ్లి నాంపల్లిల మంచిగైంది. బిడ్డకు పెండ్లిపాట పాడుతనని మా అత్తమ్మ ఎంత ఆశపడ్డదో. మీ మరిదేమో, "గా పాటలు ఎవరింటరమ్మా, నేను డీజే కొడుత" అన్నడు. తీరా టైముకు డీజే పెట్టెల లైట్లు వెలుగుతున్నయి గానీ కంప్యూటర్‌ల అది కనబడుతలేదు. రెండూ బంద్ చేసి మళ్ల పెట్టిండు, రెండిట్ని కలిపే వైరును కంప్యూటర్‌ల ఇంకో సందుల గుచ్చిండు. లాభం లేక కొత్త వైరు కోసం ఆబిడ్స్‌కు ఉరికిండు.

గంతల అత్తమ్మ మైకు అందుకున్నది. చుట్టాలందరు కుర్చీలు దగ్గరికి జరుపుకొని విన్నరు. ప్రణవి కండ్లు తుడుసుకున్నది. మీ మరిది తిరిగొచ్చి, ఆ వైరు చేతుల పట్టుకొని గుమ్మంలనే నిలబడి చివరిదాక విన్నడు.

నీకొక్కదానికే చెప్తున్న. పెండ్లినాడు పొద్దుగాల ఆ వైరు మార్చింది నేనే. నేను పెట్టింది ఉత్త చార్జింగ్ వైరు, దాంట్ల కరెంటు పోతది గానీ పాట పోదు. అసలుది ఈ కవర్ల పంపిస్తున్న, జర నీ దగ్గర దాచు.

అత్తమ్మకు తెల్వదనుకున్న. నిన్న ఆమె నన్ను వంటింట్లకు పిలిచి మెల్లగ అడిగింది: "బిడ్డా, వచ్చే నెల కాచిగూడల మా చెల్లె మనుమడి పెండ్లి ఉన్నది. ఆడ డీజేకు ఏ వైరు పెడ్తరో జర చూస్తవా?"

నీ చెల్లె