పాస్‌పోర్టు మీద పసుపు బొట్టు

బ్యాంకాక్

సుకన్యక్కా, నేను బాగానే ఉన్నాను గానీ చాలా భయంగా ఉంది. ఫోన్ చేస్తే అమ్మ నీ పక్కనే ఉంటుందని మీ మారేడ్‌పల్లి స్కూలుకు రాస్తున్నాను.

బయలుదేరేటప్పుడు అమ్మ "కొత్తది గద బిడ్డా, జెర ఆగు" అని నా పాస్‌పోర్టు తెరిచి పసుపు బొట్టు పెట్టింది కదా, అది ఫొటోకు అంటుకుంది. పక్క దేశం వీసా కోసం ఇక్కడి వాళ్ల ఎంబసీలో ఇస్తే, కౌంటర్లో ఆవిడ గోటితో గీకి చూసి, ఫొటో మార్చావంటూ లోపలికి పట్టుకుపోయింది. నాలుగు రోజులైంది, తిరిగివ్వలేదు. హాస్టల్ మెట్ల మీద బూట్ల చప్పుడైతే చాలు, పోలీసులేమోనని ముసుగు తన్ని పడుకుంటున్నాను.

ఈ కార్డు చేరేలోగా పాస్‌పోర్టు తిరిగిచ్చారని నా ఫోన్ రాకపోతే బావతో మన ఎంబసీకి మెయిల్ పెట్టించు. అమ్మ బీపీ మాత్రలు వేసుకుంటోందా? పిల్లలకు ముద్దులు. ఈ పసుపు సంగతి మాత్రం అమ్మ చెవిన వేయకు. రోజూ నా పేరు చెప్పి దేవుడికి బొట్టు పెడుతోందిగా, పెట్టనీ. ఇక్కడ నాకు అదే దిక్కు.

నీ ఊర్మిళ