అత్తయ్య సంచిలో పొడి చీర

జితేందర్,

పాపనీ అత్తయ్యనీ తీసుకుని జలపాతానికి బయల్దేరుతున్నాను. అన్నం కుక్కర్‌లో ఉంది, పప్పు ఫ్రిజ్‌లో పెట్టాను. లేవగానే మీ అమ్మకి ఫోన్ చెయ్యి. పది దాటితే కొండ మీద ఉంటాం, అక్కడ సిగ్నల్ ఉండదు.

ఆవిడ సంచిలో పొడి చీర, పసుపు కనబడ్డాయి. నీ వీసా ఎక్స్‌టెన్షన్ వస్తే జలపాతం కింద తలస్నానం చేస్తానని మొక్కుకున్నారట. అది మొన్న రానే వచ్చింది. అక్కడ రాళ్ళన్నీ నాచు పట్టి ఉంటాయి. ఆవిడ మోకాలి ఆపరేషన్‌కి ఇంకా ఏడాది నిండలేదు. ఈజీ ట్రైల్ అని వెతికిందీ నువ్వే, ఆఫీసు ఆన్‌కాల్ డ్యూటీ అని ఇంట్లో ఉండిపోయిందీ నువ్వే.

గీత

తా.క. ఆవిడకి నువ్వే చెప్పాలి, నేను ఆపలేను. అదే మొక్కు నేనూ మొక్కుకున్నాను. నా బ్యాగులోనూ ఒక జత పొడి బట్టలున్నాయి.