గుడ్డి పావురం తలుపు

నేను, ఫిర్మిన్ వాన్ హూల్, వయస్సు డెబ్భై తొమ్మిది, ఘెంట్ నగరంలో లేయె కాలువ పక్క సందులో ‘గుడ్డి పావురం’ బారు మీది అంతస్తులో కాపురం ఉంటున్నవాణ్ణి. పూర్తి తెలివితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా చేత్తో నేనే ఈ వీలునామా రాస్తున్నాను. ఇప్పుడు పొద్దున పదకొండు గంటలు. ఒక్క చుక్క కూడా ముట్టలేదు. ఈ మాట ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, నా మేనల్లుడు స్టెయిన్ రేపు కోర్టుకెక్కి “ముసలాడు తాగి రాశాడు” అనగలడు. వాడి సంగతి నాకు తెలుసు. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ రద్దు.

ఈ కాగితం మొత్తం ఒక్క తలుపు గురించి. నేను పోయాక మా బారు తలుపు మూతపడకూడదు. తక్కినవన్నీ దాని వెనక వచ్చేవే. దీన్ని అమలు జరిపే బాధ్యత మా నోటరీ గారిది. ఆవిడ “సొంత గొడవలు వద్దండీ, ఆస్తి రాయండి చాలు” అన్నారు. నా ఆస్తే నా సొంత గొడవ, మేడమ్. ఓపిగ్గా చదవండి.

1. స్థిరాస్తి. కింద బారు, పైన రెండు గదులు. 1972లో పత్తిమిల్లులో నేనూ, అచ్చాఫీసులో మా రెమీ ఒళ్ళు హూనం చేసుకుని కొన్నది. పూర్తిగా స్వార్జితం. హద్దులు: తూర్పున చేపల దుకాణం. పడమర కాలువ. ఉత్తరాన సందు, ఒకప్పుడు పోలీసులు నిలబడి మా వాళ్ళ ముఖాలు గుర్తుపెట్టుకున్న చోటు. దక్షిణాన కొత్త హోటలు, మా గోడ మీద కన్నేసినది.

2. మేము కొన్నప్పుడు అక్కడ పందెపు పావురాల సంఘం వాళ్ళు కూర్చునేవారు. బోర్డు మార్చలేదు. పెళ్ళయిన మగాళ్ళు ఇంట్లో “పావురాల సంఘానికి పోతున్నా” అని చెప్పి మా దగ్గరికి వచ్చి, ఒకరి భుజం మీద ఒకరు తలపెట్టుకుని నాట్యం చేసేవారు. ఇంట్లో భార్య ఏదైనా అడిగితే దొరికిపోతారని మా ఓడిలోన్ గోడ మీద పావురాల జాతుల పట్టిక అంటించాడు. కోటు వేసుకుంటూ అందరూ అది బట్టీ పట్టేవాళ్ళు. ఆ పట్టిక ఓడిలోన్‌కే ఇస్తున్నాను. ట్రాము కండక్టరుగా ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాడు, నా పాత మిత్రుడు, ఇప్పటికీ పావురాన్నీ కాకినీ పోల్చుకోలేడు.

3. బారు, పై రెండు గదులు, సామాను, పేరు, బోర్డు సహా సర్వహక్కులతో ఫెమ్‌కె లూట్స్‌కి రాస్తున్నాను. పదకొండేళ్ళుగా గల్లా వెనక నిలబడి మమ్మల్నందరినీ తిడుతున్న పిల్ల. నెలకోసారైనా “తాతా, నువ్వు నడిపేది బారా, మ్యూజియమా?” అంటుంది. నాకు రక్తసంబంధం కాదు. అయితే ఏమిటట? మోకాలి ఆపరేషను తర్వాత నాకు సాక్సు తొడిగింది ఎవరు?

ఫెమ్‌కెకి షరతులు మూడు. బారును హోటలుకి గానీ, హోటలు తరఫు మనుషులకి గానీ అమ్మకూడదు. ఆదివారం మధ్యాహ్నం కాఫీ, నాట్యం ఆపకూడదు. చీజ్ ముక్కలూ ఆవముద్దా ఇవ్వకుండా ఎవరికీ బీరు పోయకూడదు. నాలుగోది షరతు కాదు, ఆజ్ఞ. అది ఎనిమిదో అంశంలో ఉంది.

4. మేనల్లుడు స్టెయిన్‌కి: వాళ్ళమ్మ, అంటే నా చెల్లెలు గోదెలీవ, ఆదివారాలు గొడ్డుమాంసం బీరులో ఉడికించిన ఇనప గిన్నె. పోయే ముందు నాకిచ్చింది. ఒరేయ్, నువ్వు రాసిన ఉత్తరం దాచాను. “మావయ్యా, మీవాళ్ళంతా ఇప్పుడు ఫోన్లలోనే కలుసుకుంటున్నారట కదా, ఇంకా ఆ బారెందుకు?” అని రాశావు. ఫోన్లో కలుసుకున్నవాళ్ళు కూడా ఎక్కడో ఒక చోట కూర్చోవాలి కదరా! పక్కపక్కన, భయం లేకుండా కూర్చోవాలి. ఆ చోటు పేరే గుడ్డి పావురం. గిన్నె తీసుకో, కాస్త వండుకు తిను, ముఖం పాలిపోయింది.

5. మా రెమీ 1991లో జబ్బు చేసి పోయాడు. పందొమ్మిదేళ్ళు ఒకే మంచం మీద పడుకున్నాం. వాళ్ళ ఇంటివాళ్ళు అచ్చువేయించిన మరణవార్త పత్రంలో తల్లి, అన్నలు, వదినలు, చివరికి వాడి కుక్క పేరు కూడా ఉంది. నా పేరు లేదు. చర్చిలో నన్ను చివరి వరసలో కూర్చోబెట్టి, అడిగినవాళ్ళకి “ఇంటి ఓనరు” అని చెప్పారు. ఆ కుక్కకి అన్నం పెట్టింది కూడా నేనే.

అందుచేత నా మరణవార్త పత్రం ఇలా ఉండాలి: పై వరసలో “రెమీ వాన్ లెర్బెర్ఘె భర్త” అని పెద్దక్షరాల్లో. కింద బారుకి వచ్చే అందరి పేర్లు, ఇష్టమైనవాళ్ళవి అసలు పేర్లతో, ఇష్టం లేనివాళ్ళవి బారులో పెట్టుకున్న మారుపేర్లతో. స్థలం చాలకపోతే రెండో కాగితం వేయించండి. రెమీ అన్నలు బతికుంటే చెరొకటి పోస్టులో పంపండి.

6. నా వెండి మెరుపుల జాకెట్టు ఎవరికి సరిపోతే వాళ్ళది. జూలై ఉత్సవాల్లో మాత్రమే వేసుకోవాలనేం లేదు.

7. ఈ అంశం రాయడానికి ఎనిమిది నెలలు పట్టింది.

మా తలుపుకి ఒక కన్నం ఉంది. బయట గంట. మా వాళ్ళు రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా మోగించేవారు. కన్నంలోంచి చూసి, తెలిసిన ముఖమైతేనే తలుపు తీసేవాణ్ణి. నెలలో మొదటి ఆదివారం ఆడవాళ్ళు కూడా వచ్చేవారు.

1981 అక్టోబరు, మొదటి ఆదివారం, సాయంత్రం నాలుగున్నర. మూడు వారాల ముందే పోలీసులు వచ్చి అందరి పేర్లూ రాసుకుపోయారు, ఒక బడిపంతులు ఉద్యోగం ఊడింది. గంట మోగింది. మా గంటే. చూస్తే బయట గోదెలీవ, మా చెల్లెలు. నీలం కోటు, పెదాలకు రంగు.  అమ్మ పంపిందనుకున్నాను. అందరి ముందూ నన్ను ఈడ్చుకుపోవడానికి వచ్చిందనుకున్నాను. మా గంట దీనికెవరు నేర్పారా అని ఆలోచించే తెలివి కూడా లేకపోయింది. మళ్ళీ మోగించింది. మూడోసారి మోగించి, తలుపుకి దగ్గరగా వచ్చి “అన్నయ్యా, నేనే” అంది. నేను గొళ్ళెం తీయలేదు. కాసేపటికి వెళ్ళిపోయింది.

వెనక్కి తిరిగితే కాలువ వైపు కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి “ఎవరు?” అని అడిగింది. ఆమె ముందు రెండు కప్పుల కాఫీ ఉంది. “ఎవరూ లేరు, సందులో పిల్లలు” అన్నాను. ఆ అమ్మాయి పేరు హెర్మిన్ డె బాకర్.

మరుసటి ఆదివారం భోజనాల దగ్గర గోదెలీవ “అన్నయ్యా, ఇంకొంచెం వడ్డించనా?” అంది. ఊఁ అన్నాను. అంతే. మళ్ళీ వసంతానికి రొట్టెల దుకాణం అతన్ని పెళ్ళి చేసుకుంది. ఆ తలుపు తీసి ఉంటే నువ్వు పుట్టేవాడివి కాదు, స్టెయిన్. అందుకే నీ మీద నాకు పూర్తిగా కోపం రాదు.

మొన్న మార్చిలో గోదెలీవని సాగనంపి, అందరం కాఫీ, రొట్టెల దగ్గర కూర్చున్నప్పుడు హెర్మిన్ నా పక్కకి వచ్చింది. “ఫిర్మిన్, ఆ రోజుల్లో ఓ ఆదివారం మీ బారులో నేను ఎదురుచూసింది మీ చెల్లెలి కోసమే. గంట ఎలా కొట్టాలో నేనే చెప్పాను. వస్తానంది, రాలేదు. మనసు మారిందనుకున్నా. నలభై రెండేళ్ళు అదే అనుకుంటూ బతికేశా” అంది.  నిజం చెప్పాల్సిన క్షణం అదే. “ఇంకో కాఫీ పోయనా?” అన్నాను. పోలీసులకి భయపడలేదు, జబ్బుకి భయపడలేదు, ఒక ముసలావిడ కళ్ళలోకి చూడ్డానికి భయపడ్డాను. సిగ్గుచేటు.

హెర్మిన్, ఆమె వచ్చింది. మూడుసార్లు గంట కొట్టింది. తలుపు తీయనివాణ్ణి నేను.

8. ఫెమ్‌కె, ఇది ఆజ్ఞ. నేను పోయేదాకా ఆగక్కర్లేదు, ఈ వారమే వడ్రంగిని పిలిచి ఆ కన్నం చెక్కతో పూడ్పించు. గంట ఊడదీయించు. బారు తెరిచి ఉన్నంతసేపూ తలుపుకి గొళ్ళెం ఉండకూడదు. కిందటి వేసవిలో ఎవరో రాయి విసిరి అద్దం పగలగొట్టారు, నిజమే. మళ్ళీ విసరొచ్చు. అద్దం మార్చుకుందాం, మన ఇంద్రధనుస్సు జెండా ఇంకా పెద్దది కడదాం. భయపడి మూసిన తలుపు బయట ఎవరు నిలబడి ఉంటారో నాకు తెలుసు. రాయి విసిరినవాడు గంట కొట్టడు.

9. ఊడదీసిన గంట హెర్మిన్‌ది. కాలువలో పారేసినా సరే, ఆమె ఇష్టం.

10. ఇలా చేత్తో రాసుకున్న కాగితానికి మన చట్టంలో సాక్షులు అక్కర్లేదని నోటరీ గారు చెప్పారు. నాకు కావాలి. మేము కలిసి బతికామని సాక్ష్యం పలికే దిక్కు లేకుండా మా రెమీని పాతిపెట్టాను. ఒక సంతకం ఓడిలోన్‌ది. రెండోది హెర్మిన్‌ది. సంతకానికి ముందు ఏడో అంశం ఆమె చేతికే ఇచ్చి, ఎదురుగా కూర్చుంటాను. చదివి లేచి వెళ్ళిపోతే ఆ గీత ఖాళీగా వదిలేయండి. అక్కడ వేరే పేరు రాయించొద్దు.

ఘెంట్, 2024 నవంబరు 17, ఆదివారం.

(సంతకం) ఫిర్మిన్ వాన్ హూల్

సాక్షులు:

1. ఓడిలోన్ స్కెప్పర్స్. పావురాల విషయం అబద్ధం, నేను పోల్చుకోగలను.

2. హెర్మిన్ డె బాకర్. చదివాను, సంతకం పెడుతున్నాను. నిన్ను క్షమించానని అనుకోకు, ఫిర్మిన్. ఆ నీలం కోటు నేను కొనిచ్చిందే. అయితే అది వేసుకునే వచ్చిందన్నమాట.