తెర వెనక తాంబూలం

మహారాజశ్రీ తోలుబొమ్మల తాతకు, బి.ఏ. పట్టభద్రుడైన మనవడు సవినయంగా రాయునది:

నువ్వు పోయి నేటికి ఏడాది. అప్పుడే మన ఆట ఆగిపోయింది. ఇక ఇంతేనని అవ్వ తేల్చేసింది. పోయిన నెల ఆమెను కృష్ణగిరి టెంటు సినిమాకు తీసుకుపోయాను. ఉత్తర ఆఫ్రికా జానపద కథను బొమ్మలు గీసి తీశారు. నగిషీల గుమ్మాలు, రాకుమారి, భూతం, ఒంటె. వేరే మేళం ఆట చూస్తే తెర వెనకున్న వాళ్ళకు తాంబూలం ఇవ్వడం మన ఆచారం కదా! సినిమా అయిపోగానే అవ్వ తెర వెనక్కి నడిచింది.

"బొమ్మలాడించినోళ్ళు యాడప్పా?"

"ఈడ ఎవురూ లేరవ్వా, అంతా మిషనే," అన్నాడు టెంటు మనిషి.

"మిషనుకేం తెలుసప్పా ఒంటె నడక? ఎవురో చెయ్యి తిరిగినోళ్ళే. వాళ్ళకిచ్చెయ్యి," అని తాంబూలం అతని చేతిలో పెట్టి, నా వైపు తిరిగింది. "మనకు ఒంటె బొమ్మ లేదు గదరా. కొయ్యి."

నీ ఉలితో మేకతోలు మీద కోశాను. నిన్న బాగలూరులో ఆడించాం. ఒంటె కాస్త కుంటింది, అయినా జనం ఈలలు వేశారు. నేను బి.ఏ. పాసైనప్పుడు నోరు మెదపని అవ్వ, తెర ముందుకొచ్చి ఊరంతా వినేలా చెప్పింది:

"ఆ ఒంటెను కోసినోడు మా ముసలాయన మనవడప్పా!"