గ్లాసు నీళ్ళలో మోటారు

నాన్నా,

బాగున్నావా అని అడగను. రెండు పూటలా తింటున్నావని అమ్మ ఫోన్లో చెప్పింది. నేను క్షమాపణ కాగితం రాసిస్తే ఏడాది నిషేధం ఎత్తేసి హెచ్చరికతో వదిలేస్తారని మన రేసు క్లబ్బు తరఫున నువ్వు పంపిన కబురు అందింది. రాయను. ఇది ఆ కాగితం కాదు. ఫోన్లో అయితే "సరేలే, సరేలే" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టెయ్యలేవు కదా, అందుకని కూర్చుని రాస్తున్నాను.

ఆ ఆదివారం ఏం జరిగిందో నీకు తెలుసు. కానీ నా నోటి నుంచి ఎవరూ వినలేదు, కాబట్టి మళ్ళీ మొదటి నుంచీ చెప్తాను. మూరెడు పొడవు రిమోటు కార్లు, మూతపడ్డ మార్కెట్టు వెనక రబ్బరు పైపులు పరిచిన ట్రాకు. మా పోటీ విభాగంలో అందరికీ ఒకటే మోటారు, ఒకటే బ్యాటరీ, ఒకటే బరువు. రేసుకి రెండు వారాల ముందు తనిఖీ అధికారివి నువ్వే ఒక్కో మోటారు మూత అతుకు మీద ఎర్రచుక్క పెట్టి అందరికీ పంచావు. ఎవరైనా విప్పితే చుక్క చిట్లిపోతుంది, దొంగ దొరికిపోతాడు. నేను గెలిచాను. పళ్ళ డాక్టరుగారి కంటే అర చుట్టు ముందు గెలిచాను. ఆయన ఊరుకున్నాడా? "కూతురి బండి కదా, తనిఖీ ఉంటుందా, ఊరికే దీవించి పంపిస్తారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వు నా మోటారు బయటికి తీశావు, చుక్క లేదు. వెంటనే మైకు అందుకున్నావు. "మూడో నంబరు బండి మోటారు విప్పారు. గెలుపు చెల్లదు." నా చేతిలో ఉన్న కప్పు డాక్టరు చేతిలోకి వెళ్ళింది.

మూడో నంబరు బండి! ఏడేళ్ళప్పటి నుంచి నీ వైండింగ్ షాపులో స్టూలెక్కి నీ పక్కన రాగితీగ చుట్టినదాన్ని. "ఏం చేశావే?" అని ఒక్క మాట అడగడానికి నీకు నోరు రాలేదు. నిషేధం సంగతి నాకు పట్టదు నాన్నా. ఆ ఒక్క మాట అడగలేదనే నా కోపం.

ఇప్పుడు అడక్కుండానే చెప్తాను, విను. మోటారు విప్పలేదు. గ్లాసు నీళ్ళలో ముంచి, చిన్న బ్యాటరీ పెట్టి పది నిమిషాలు తిప్పాను. లోపల కరెంటు అందించే కొత్త కార్బన్ ముక్కలు అరిగి ఒదిగి కూర్చునే దాకా ఏ మోటారూ తన అసలు బలం చూపించదని నాకు నేర్పింది ఎవరు? గాలిలో గంటలు పట్టే పని నీళ్ళలో నిమిషాల్లో అవుతుంది. తర్వాత ఆరబెట్టి, ఒక చుక్క నూనె వేశాను. రూళ్ళ పుస్తకంలో "విప్పరాదు" అని ఉంది. "తడపరాదు" అని ఎక్కడుందో చూపించు.

ఆ పుస్తకంలో ఇరవై రెండు రూళ్ళుంటే అందులో నాలుగైదు నా పుణ్యమే కదా. టైర్లకి తలనూనె రాసి మెత్తబరిస్తే పదకొండో రూలు పుట్టింది. బ్యాటరీని చంకలో పెట్టుకుని వెచ్చబెడితే పదిహేనోది వచ్చింది. ఒక్కో రూలు వచ్చినప్పుడల్లా నోరు మూసుకుని పాటించాను. సందు దొరికితే దూరతాను, ఒప్పుకుంటాను. గోడ మాత్రం పగలగొట్టను.

మరి చుక్క ఏమైనట్టు? అది పోయిన సంగతి నేనూ చూసుకోలేదు, అది నా పొరపాటే. నిన్న అమ్మని అడిగితే గుట్టు బయటపడింది. ఏటా అమ్మ గోళ్ళ రంగుతో పెట్టే చుక్క ఈసారి పిల్లలు బొమ్మలకి వేసే నీటి రంగుతో పెట్టావట. ఎందుకంటే మిక్సీ విప్పి మూడు రోజులు బల్ల మీద వదిలేశావని అమ్మ అరిచింది. నువ్వు అలిగి మాట్లాడటం మానేశావు, గోళ్ళ రంగు అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. మీ ఇద్దరి అలకకి నేను దొంగనయ్యాను!

కొత్త మోటారొకటి తీసుకో. అదే రంగుతో నీ చేత్తోనే చుక్క పెట్టు, ఆరనివ్వు. క్లబ్బులో అందరి ముందూ గ్లాసు నీళ్ళలో తిప్పు. చుక్క నిలిచిందా, క్షమాపణ రాసిచ్చి నా కారు అమ్మేస్తాను. పోయిందా, అదే మైకు పట్టుకుని అంతే గట్టిగా చెప్పు.

రాయనంటే రాయని,
నీ కూతురు


అమ్మడూ,

నాకు రిపేరు చీటీలు రాయడమే వచ్చు. తప్పులుంటే సర్దుకో.

ఆదివారం తిప్పాను. నాలుగో నిమిషానికి చుక్క లేదు. నీళ్ళు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత నల్లబడ్డాయి. పళ్ళ డాక్టరు గ్లాసు పైకెత్తి చూసి "ఎన్ని నిమిషాలు తిప్పాలండీ?" అని అడిగాడు. మైకులో నీ గెలుపు నీదేనని చెప్పాను. కప్పు ఇంటికొచ్చింది. మీ అమ్మ అందులో చెంచాలు పెట్టింది. మిక్సీ బిగించేశాను.

ఇక్కడితో ఆపితే నాకు బాగుంటుంది. కానీ ఇంకో మాట ఉంది. ఆ రోజు నీ మోటారు చేతిలోకి తీసుకోగానే నువ్వు విప్పలేదని నాకు తెలిసిపోయింది. మూత మీద స్క్రూడ్రైవరు గీత ఒక్కటీ లేదు. ఇరుసు తిప్పి చూస్తే కార్బన్లు ఒదిగి కూర్చున్నాయి. నలభై ఏళ్ళ చెయ్యి, తెలియకుండా ఎలా ఉంటుంది? చుక్క ఎలా పోయిందో తట్టలేదు కానీ, విప్పలేదన్నది ఖాయం. అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. కూతురిని వెనకేసుకొచ్చాడంటారని భయమేసింది. అడిగితే నువ్వు నిజం చెప్తావు. చెప్తే నీ పక్షాన నిలబడాలి. అందుకే అడగలేదు. నా పేరు కాపాడుకోడానికి నీ పేరు చెడగొట్టాను తల్లీ.

ఇది మైకులో చెప్పలేకపోయాను. ముందు నీకు చెప్పాలనిపించింది. వచ్చే ఆదివారం అక్కడా చెప్పి, తనిఖీ బల్ల వదిలేస్తాను. ఇరవై మూడో రూలు రాశాను: మోటారును నీళ్ళలో తిప్పరాదు. నేను రాసే ఆఖరిది అదే.

నాన్న


నాన్నా,

తెలియక చేశావనుకున్నన్నాళ్ళూ కోపమే వచ్చింది. తెలిసీ చేశావని చదివాక ఏడుపొచ్చింది. లిఫ్టు ఆపి రిపేరు పనిలో ఉన్నాను, పన్నెండో అంతస్తు పైన మోటారు గదిలో. తలుపేసుకుని బాగా ఏడ్చాను. కింద లిఫ్టు కోసం నిలబడ్డవాళ్ళు ఎంత తిట్టుకున్నారో ఏమో, తిట్టుకోనీ.

క్షమించానని రాయను. ఇంకా క్షమించలేదు. కానీ బల్ల వదిలేస్తానంటే మాత్రం ఒప్పుకునేది లేదు. తప్పు చేసి కుర్చీ దిగి వెళ్ళిపోవడం ఎంతసేపు? వచ్చే ఆదివారం మైకులో చెప్పు, నేను మొదటి వరసలో నిలబడి వింటాను. చెప్పి, మళ్ళీ ఆ బల్ల దగ్గరే కూర్చో. ఇరుసు తిప్పి మోటారు గుట్టు చెప్పలేనివాడు ఆ కుర్చీలో కూర్చుంటే, వాడి కళ్ళముందు గెలిచి నాకు ఒరిగేదేముంది?

ఇరవై మూడో రూలు చదివాను. రెండుసార్లు చదివాను. "నీళ్ళలో" అని రాశావు నాన్నా. నీళ్ళు ఒక్కటే రాశావు, మళ్ళీ సందు వదిలేశావు.

ఈసారి నా బండిని అందరి బండ్ల కంటే ఎక్కువగా తనిఖీ చెయ్యి. భూతద్దం పెట్టి చూడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడు. చుక్క మాత్రం అమ్మ గోళ్ళ రంగుతోనే పెట్టు. మైకు అందుకునే ముందు ఒక్కసారి నా మొహంలోకి చూసి "ఏం చేశావే?" అని అడుగు. అడిగితే అంతా చెప్తాను. అడక్కపోతే గెలిచి ఊరుకుంటాను.

ఇట్లు,
మూడో నంబరు బండి